మోటారు కాడ పాము, రాత్రిపూట నాయన ఒక్కడే పోతున్నాడు. ఏం చేయాలి?

చీనీ_రైతుబిడ్డ
మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, దాన్ని ఆనుకుని రెండెకరాల బుడ్డలు (వేరుశనగ). నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా, ఊర్లో అమ్మా నాయనా ఇద్దరే. మా లైనుకు కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. రాత్రి పదకొండుకు వచ్చినా, రెండుకు వచ్చినా నాయన లేచి బ్యాటరీ లైటు పట్టుకుని మోటారు కాడికి పోతాడు. సగం రోజులు కాళ్లకు చెప్పులు కూడా ఉండవు.

పది రోజుల్లో మూడుసార్లు అక్కడ పాము కనిపించింది. మొన్న స్టార్టరు డబ్బా కింద పాత డ్రిప్పు పైపుల చుట్ట మీద పడుకుని ఉందట. నాయన డబ్బా మూత తీయబోతే బుస్సుమని ఒకటే శబ్దం, కుక్కరు విజిల్ వేసే ముందు వస్తుంది చూడండి, అట్లా. చేతికీ దానికీ మధ్య మూరెడు దూరం కూడా లేదంట. అమ్మ ఫోన్లో ఏడ్చింది.

ఊర్లో ఒకరు ఫినాయిలు చల్లమంటారు, ఒకరు వెల్లుల్లి దంచి నీళ్లలో కలిపి చల్లమంటారు, ఇంకొకరు కార్బాలిక్ యాసిడ్ అంటారు. చంపితే పగ పడుతుందని అమ్మ భయం. ఒళ్లు గోధుమ రంగు, వీపు మీద గొలుసులాగా గుండ్రటి మచ్చలు. నాయనేమో కొండచిలువ పిల్ల, ఏమీ చేయదులే అంటున్నాడు. నాకు ఇక్కడ నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లమల_బాట
గొలుసు మచ్చలు, కుక్కరు బుస అంటే అది రక్తపింజరి. కొన్ని ఊర్లలో పొడపాము అంటారు. కొండచిలువ మచ్చలు వంకరటింకరగా ఒకదానిలో ఒకటి కలిసినట్టు ఉంటాయి, ఒళ్లు నున్నగా మెరుస్తుంది. పింజరికి మూడు వరుసల్లో కోలగా మచ్చలు, తల మూడు మూలలుగా ఉంటుంది, ఒళ్లు గరుకు. కొండచిలువ పిల్ల అనుకుని దీన్ని చేత్తో ఎత్తి కాటు తిన్నవాళ్లు ఉన్నారు. ఇప్పుడే నాయనకు ఫోన్ చెయ్యి. ఆ పైపుల చుట్ట ఎవరూ చేత్తో లాగకూడదు.

కట్టెవామి
బుస కొట్టి చెప్పిందంటే నయమే అప్పా. చెప్పకుండా కరిచేదానితోనే భయం.

పెన్న_ఒడ్డు
వెల్లుల్లిని తీసిపారేయకండి. మా ఇంటి చుట్టూ ఇరవై ఏళ్లుగా వెల్లుల్లి నీళ్లు చల్లుతున్నాం, ఒక్క పాము గడప తొక్కలేదు.

హంద్రీ_గాలి
మేము ఏమీ చల్లం పెద్దాయనా, మా గడపా తొక్కలేదు.

నల్లమల_బాట
ఫినాయిలు చల్లిన గట్టు మీదుగానే నాగుపాము దాటిపోవడం నేను కళ్లారా చూశా. కార్బాలిక్ యాసిడ్ అయితే అస్సలు వద్దు, పాము సంగతేమో గానీ మనిషి చర్మం కాలిపోతుంది. పాము వచ్చేది రెండింటికి, తిండికీ నీడకూ. బుడ్డలుంటే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక పాము వస్తుంది. డ్రిప్పు తడి ఉన్న పాదుల్లో ఎండపొద్దు కూడా చల్లగా ఉంటుంది. మోటారు చుట్టూ పది పన్నెండు అడుగులు కసువు (గడ్డి) చెక్కించండి. పైపులు, రాళ్లు, పాత గోతాలు అక్కడినుంచి తీసేయండి, అదీ పట్టపగలు, పొడుగు కర్రతో కదిలించాకే. ఎలుక బొక్కలు పూడ్చండి. చల్లే మందు ఏదీ ఇంత పని చేయదు.

చీనీ_రైతుబిడ్డ
ఫోన్ చేశా అన్నా. "ఇన్నేళ్ల నుంచి సేద్యం చేస్తున్నా, నాకు చెప్తావా" అన్నాడు. పైపులు మాత్రం ముట్టుకోనని మాటిచ్చాడు.

కట్టెవామి
నాయనలంతా అంతే. కదిరి నాయనయినా, కళ్యాణదుర్గం నాయనయినా.

మగ్గం_గుంత
కట్టెవామి గారు "చెప్పకుండా కరిచేది" అన్నారు కదా, అది మా ఇంట్లో జరిగింది. ధర్మవరం మాది. మా చిన్నమ్మ కొడుక్కి అప్పుడు పద్నాలుగేళ్లు. వాన పడిన రాత్రి, లోపల ఉక్కగా ఉందని వసారాలో చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కడుపునొప్పి అన్నాడు. సోడా తాగించారు. కాసేపటికి గొంతు పట్టేసినట్టుంది, ఉమ్మి మింగలేకపోతున్నా అన్నాడు. వీధి చివర సూదులు వేసే ఆయన వచ్చి గ్యాసు అని సూది వేసి పోయాడు. ఆరున్నరకు "అమ్మా, కళ్లు తెరుచుకోవడం లేదు" అన్నాడు. రాత్రంతా నిద్ర లేదు కదా, పడుకో నాయనా అన్నారు.

మా అవ్వకు అనుమానం వచ్చి వేలితో రెప్ప ఎత్తి చూసింది. వదిలితే రెప్ప దానంతట అదే పడిపోయింది. రెండో కన్నూ అంతే. వెంటనే చాప ఎత్తింది. గోడవార నల్లగా నిగనిగలాడుతూ కట్లపాము, ఒంటి మీద జంట జంటగా సన్నటి తెల్ల పట్టీలు. పిల్లాడి ఒంటి మీద ఎంత వెతికినా గాటు కనిపించలేదు, వాపు లేదు, నొప్పి లేదు. 108లో తీసుకుపోతుంటే దారిలోనే ఊపిరి బరువైంది. ఐదు రోజులు వెంటిలేటరు మీద ఉన్నాడు. బతికాడు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు.

అప్పటినుంచి పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెట్టేముందు బ్యాటరీ వేసి నాలుగు మూలలూ చూడందే కూర్చోను. గుంతలో చల్లగా, చీకటిగా ఉంటుంది. తొక్కే పలకల కింద ఏముందో పైనుంచి కనపడదు.

హంద్రీ_గాలి
అక్కా, ఆ రెప్ప ఎత్తి చూసిన అవ్వకు దండం.

రాత్రి_డ్యూటీ
కర్నూలు జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మగ్గం_గుంత గారి కథ చదువుతుంటే నా చేతులు వణికాయి, ఎందుకంటే అచ్చం ఇట్లాగే వచ్చి, గంట ఆలస్యమై, దక్కనివాళ్లను చూశా.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. కోరలు చిన్నవి, కాటు చీమ కుట్టినట్టు కూడా అనిపించకపోవచ్చు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియనే తెలియదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, మింగలేకపోవడం, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం అంటే గ్యాసు అనుకోకండి, వెంటనే ఆసుపత్రికి రండి. దీని విషం నరాల నుంచి కండరాలకు పోయే సందేశాన్ని ఆపేస్తుంది. చివరికి ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. లోపల మనిషికి స్పృహ ఉంటుంది, చుట్టూ ఏడుస్తున్నవాళ్ల మాటలు వినపడుతుంటాయి, కానీ వేలు కూడా కదపలేరు. చనిపోయాడని అనుకుని వదిలేయకండి. ఊపిరి అందిస్తూ ఉంటే కొన్ని రోజులకు మళ్లీ లేస్తారు.

పింజరి దారి వేరు. అది రక్తం మీద పని చేస్తుంది. కాటు దగ్గర భరించలేని నొప్పి, వాపు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రంలో రక్తం, ఆ తర్వాత కిడ్నీలు. మేము చేసే పరీక్ష చాలా చిన్నది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు స్టాండులో పెడతాం. తర్వాత వంచి చూస్తాం. మామూలుగా అయితే గడ్డకట్టి కదలదు. పింజరి విషం ఎక్కిన రక్తం నీళ్లలాగా జారిపోతుంది. ఆ 20 నిమిషాలు గోడ గడియారం వైపు చూసే ఇంటివాళ్ల ముఖాలు నేను మర్చిపోలేను.

బండల_గని
ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో లెక్కలు రాసే పని చేస్తా. మా దగ్గర పెద్ద పింజరి తక్కువ, చిన్నపింజరి ఎక్కువ. జానెడు నుంచి మూరెడు, మట్టి రంగు, రాతి పగుళ్లలో ఉంటే పక్కన కూర్చున్నా కనపడదు. కోపం వస్తే ఒళ్లు మెలికలు తిప్పి పొలుసులు ఒకదానికొకటి రాస్తుంది, ఇసుక కాగితం గీకినట్టు గరగరమని శబ్దం. ఒక కుర్రాడు బండ ఎత్తుతుంటే వేలికి కరిచింది. "ఇంత పురుగు ఏం చేస్తుందిలే" అని పసుపు రాసుకుని పని చేసుకున్నాడు. మూడో రోజు పళ్లు తోముకుంటే చిగుళ్ల రక్తం ఆగలేదు. అప్పుడు తీసుకుపోయాం. మందు ఎక్కించారు, దక్కాడు. పాము సైజు చూసి లెక్క వేయకండి.

చీనీ_రైతుబిడ్డ
మేడం, కరిస్తే ఆసుపత్రికి చేరేలోపు ఏం చేయాలి? తాడు కట్టాలా? మా ఊర్నుంచి పెద్దాసుపత్రికి గంటంబావు పడుతుంది.

రాత్రి_డ్యూటీ
తాడు కట్టకండి. బిగించి కట్టిన కాలు నల్లబడి వేళ్లు తీసేయాల్సి వచ్చిన కేసులు చూశాం. బ్లేడుతో కోయకండి, నోటితో పీల్చకండి. పింజరి కాటును కోస్తే ఆ రక్తం ఆగదు. ఐసు, పసరు, కరెంటు షాకు ఏదీ వద్దు.

ఉంగరం, గడియారం, గాజులు, మెట్టెలు, మొలతాడు ముందు తీసేయండి. వాపు వచ్చాక అవి లోపలికి దిగిపోతాయి, కత్తిరించడానికి మాకే అరగంట పడుతుంది. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఒక కర్ర పెట్టి గుడ్డతో వదులుగా చుట్టండి, విరిగిన చెయ్యికి కట్టినట్టు. మనిషిని నడిపించకండి, పరిగెత్తించకండి. 108 రావడం ఆలస్యమైతే బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకుని తీసుకురండి, తప్పు లేదు. వాంతి చేసుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కరిచిన టైము గుర్తుపెట్టుకుని చెప్పండి.

పెన్న_ఒడ్డు
మీరంతా చదువుకున్నవాళ్లు, కాదనను. కానీ మా పక్క ఊర్లో పాము మంత్రం వేసే ఆయన దగ్గర యాభై అరవై మంది బాగై పోవడం నేను చూశా. మా బావమరిదిని నాగుపాము కరిస్తే పసరు పోసి, వేపాకు నమిలించి, రాత్రంతా డప్పు కొట్టి నిద్ర పోనీయలేదు. పొద్దునకల్లా లేచి బుడ్డలు పీకడానికి పోయాడు. దీన్ని ఏమంటారు?

నల్లమల_బాట
అది నాగుపామే అని ఎవరు చూశారు పెద్దాయనా? మన పొలాల్లో తిరిగేవాటిలో మనిషిని చంపేంత విషం లేనివే ఎక్కువ. జెర్రిగొడ్డు, నీరుకట్టె, రెండు తలల పాము, పసిరిక పాము, వీటిలో ఏది కరిచినా మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. విషప్పాము కూడా ఒక్కోసారి విషం దించకుండా ఉత్త కాటు వేసి పోతుంది. ఆ పేరంతా మంత్రగాడికి పోతుంది. దక్కనివాళ్ల ఇంటివాళ్లు వచ్చి నీకు చెప్పరు కదా.

రాత్రి_డ్యూటీ
పెద్దాయనా, మీ మాటను తేలిక చేయడం లేదు. భయంలో ఉన్న మనిషికి ధైర్యం చెప్పేవాడు కావాలి, ఆ పని వాళ్లు చేస్తారు. మా దగ్గరికి ఆ మంత్రం పూర్తయ్యాక వస్తారు, అదీ నా బాధ. పోయిన వానాకాలం ఒక ఆడమనిషి, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, కలుపు తీస్తుంటే పింజరి కరిచింది. పొద్దున పదికి కాటు, మా దగ్గరికి సాయంత్రం ఐదుకు. మధ్యలో ఏడు గంటలు. గొట్టంలో రక్తం గడ్డకట్టనే లేదు. మందు మొదలుపెట్టి, డయాలసిస్ ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపాం. మూడు వారాలకు కబురు వచ్చింది, దక్కలేదమ్మా అని. ఆ పాము మందు పొద్దున పదింటికి కూడా మా ఫ్రిజ్‌లోనే ఉంది, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా.

కట్టెవామి
చదివి మనసు అదోలా అయిపోయింది.

బండల_గని
మేడం, ఏ పాము కరిచిందో తెలియకపోతే మందు ఎట్లా వేస్తారు? చంపి పట్టుకురావాలంటారు కదా?

రాత్రి_డ్యూటీ
చంపడానికి పోయి రెండో మనిషి కరిపించుకుని వచ్చిన కేసులు ఉన్నాయి. చచ్చిన పాము తల కూడా కాసేపు కరవగలదు. అవసరం లేదు. మన దగ్గర దొరికే మందు ఒకటే, అది నాలుగింటికీ పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. దూరం నుంచి ఫోన్లో ఫోటో తీయగలిగితే సరే, లేకపోతే లక్షణాలు చూసి డాక్టరు గారు నిర్ణయిస్తారు. విషం లక్షణాలు ఉంటే మామూలుగా 10 వయల్స్‌తో (చిన్న సీసాలు) మొదలుపెడతారు. చిన్నపిల్లలకూ అంతే, తగ్గించరు. పాము పిల్లాడని తక్కువ విషం దించదు కదా. కొందరికి దద్దుర్లు, చలి, ఊపిరి ఆడకపోవడం వస్తాయి, దానికి విరుగుడు సూది చేతిలో పెట్టుకునే ఎక్కిస్తాం. అందుకే ఇది వీధి చివర సూది వేసే వాళ్లు చేసే పని కాదు.

హంద్రీ_గాలి
ఆ మందు గుర్రాల నుంచి తీస్తారంటే నిజమా?

నల్లమల_బాట
నిజమే. కొద్దికొద్దిగా విషాన్ని గుర్రానికి ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు తయారవుతుంది, దాన్ని శుద్ధి చేసి పొడిగా సీసాలో పెడతారు. ఆ విషం చాలావరకు తమిళనాడులో ఇరుళ తెగవాళ్లు పాములు పట్టి తీస్తారు. ఒకప్పుడు చర్మాల కోసం పాములు పట్టి బతికినవాళ్లు వాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ బతుకు పోయింది, 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. విషం తీసి పామును మళ్లీ వదిలేస్తారు. మన పొలంలో ప్రాణం కాపాడే సీసా వెనక వాళ్ల చేతులున్నాయి.

మగ్గం_గుంత
ఈ ముక్క ఇంతవరకు తెలియదు. వాళ్లు చల్లగుండాలి.

కట్టెవామి
పగ సంగతి ఎవరూ చెప్పలేదు. చీనీ తమ్ముడి అమ్మగారి భయం అదే కదా. మా ఊర్లో ఒక పామును చంపితే రెండోరోజు అదే చోట ఇంకోటి వచ్చింది.

నల్లమల_బాట
చంపింది ఆడపాము అయితే దాని వాసన పట్టుకుని మగది రావచ్చు. ఎలుకలు, నీడ అక్కడే ఉంటే ఇంకో పాము ఎలాగూ వస్తుంది. మనిషి ముఖం గుర్తుపెట్టుకుని తీర్చుకునే పగ దానికి లేదు. జెర్రిగొడ్డూ నాగుపామూ సయ్యాట ఆడుతున్నాయని పైన తువ్వాలు వేస్తారు చూడండి, ఆ రెండూ మగ జెర్రిగొడ్లు, బలం చూసుకుంటున్నాయి. జెర్రిగొడ్డును మాత్రం చంపకండి, ఎలుకల పని అదే చూసుకుంటుంది.

హంద్రీ_గాలి
మా మామ ఆ తువ్వాలు ఇప్పటికీ బీరువాలో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఈ మాట నేను చెప్పలేను.

కట్టెవామి
రెండు తలల పామని ఎవడైనా లక్షలిస్తానంటూ వస్తే నమ్మకండి. మా పక్క ఒకతను అడ్వాన్సు కట్టి మోసపోయాడు, పైగా అటవీ శాఖ కేసు. దానికి తోక మొద్దుగా ఉంటుంది, అంతే.

రాత్రి_డ్యూటీ
ఒక్కటి చెప్పి డ్యూటీకి పోతా. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని అంచనా వేశారు, ఏడాదికి సగటున 58 వేలు. అందులో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. ఆ నెలలంటే మన బుడ్డలు వేసి, కలుపు తీసే రోజులే. కట్టె మోపు ఎత్తేముందు కర్రతో తిరగేయండి. అడవిపందుల కాపలాకు చేన్లో పడుకునేవాళ్లు మంచం వేసుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాముకు అంతకంటే మంచి అడ్డం లేదు.

బండల_గని
ఇంకో సంగతి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే పాముకాటు చావుకు 2 లక్షలు వస్తాయి. కానీ ఆసుపత్రి రికార్డు కావాలి. మా కూలీ ఒకాయన మంత్రగాడి దగ్గరే పోయాడు, కాగితం ముక్క లేదు, ఇంటామెకు పైసా రాలేదు. మనిషీ పోయె, ఆసరా కూడా పోయె.

పెన్న_ఒడ్డు
నిన్న రాత్రంతా ఇవన్నీ మళ్లీ చదివినా. ఆ ఇద్దరు పిల్లల తల్లి సంగతి మనసులోంచి పోవడం లేదు. తేలు కుడితే మంత్రం వేయించుకుంటా, అది మాననులే. పురుగు (పాము) ముడితే మాత్రం బండి ఆసుపత్రికే తిప్పమని మా ఇంట్లో అందరికీ చెప్పినా. బావమరిదికి కూడా.

రాత్రి_డ్యూటీ
పెద్దాయనా, ఈ మాటకు మీ కాళ్లకు మొక్కుతా.

చీనీ_రైతుబిడ్డ
శనివారం ఊరికి పోయా. అనంతపురం నుంచి పాములు పట్టే అన్నను పిలిపించా. పైపుల చుట్టను పొడుగు ఇనుప కొక్కెంతో మెల్లగా లాగితే నాయన ఎక్కడ చేయి పెట్టాడో సరిగ్గా దాని కింద ఉంది, నాలుగడుగులు ఉంటుంది. చుట్ట చుట్టుకుని ఒళ్లంతా ఉబ్బించి బుస కొడుతుంటే పదడుగుల దూరంలో ఉన్న నా కడుపులో అదిరింది. సంచిలోకి ఎక్కించి మూతి కట్టేదాకా నాయన మాట్లాడలేదు. తర్వాత "కొండచిలువ కాదురా" అన్నాడు, అంతే.

కసువు చెక్కించాం, రాళ్లు తీయించాం. ఫోన్ నుంచి మోటారు వేసే ఆటో స్టార్టరు పెట్టించా, కరెంటు వస్తే అదే మోటారు వేస్తుంది, రాత్రి లేవాల్సిన పని లేదు. మోకాలి దాకా వచ్చే బూట్లు తెచ్చా, ఉక్కపోస్తుందని గొణుగుతూనే వేసుకున్నాడు. మంచం మీద దోమతెర అమ్మే కట్టింది. నిన్న రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేస్తే, మోటారు ఆడుతోందో లేదో చూద్దామని మళ్లీ పోయాడంట. కానీ బూట్లు వేసుకుని, కర్ర నేలకేసి కొడుతూ పోయాడని అమ్మ చెప్పింది.

కట్టెవామి
ఆ స్టార్టరు ఐదు హెచ్‌పీ మోటారుకు కూడా పనిచేస్తుందా తమ్ముడూ? మా నాయనకు కూడా పెట్టించాలి.